డీపీఎఫ్ లైటు వెలిగితే: హైవేనా, క్లీనింగా, కొత్త ఫిల్టరా?

విజయవాడ పటమటలో మా ఇంటి నుంచి బెంజి సర్కిల్ దగ్గర ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా 2021లో డీజిల్ బండే తీసుకున్నాను. నెలకు రెండుసార్లు ఊరు వెళ్లిరావాలి, నాన్న ఎక్కి దిగడానికి ఎత్తు సీటు కావాలి. 62 వేల కిలోమీటర్ల దాకా ఏ ఇబ్బందీ పెట్టలేదు. తర్వాత ఒకరోజు పొద్దున్నే మీటర్ బోర్డులో పసుపు రంగు ఇంజన్ లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టిన పావుగంటకే "డీపీఎఫ్ పోయింది సార్, కొత్తది వెయ్యాలి" అన్నారు. డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్ అది. కొటేషన్ 1,38,000 రూపాయలు.

ఆ కాగితం పట్టుకుని నేను పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదనే ఇది రాస్తున్నాను. చివరికి నా బండిలో పోయింది ఫిల్టర్ కాదు, జానెడు రబ్బరు గొట్టం.

లైటు వెలిగిందని చెబితే తలా ఒక సలహా ఇస్తారు. ఒకసారి హైవే ఎక్కించి తొక్కమంటారు ఒకరు. ట్యాంకులో మసి కాల్చే మందు సీసా పోయించమంటారు ఇంకొకరు. విప్పి కడిగిస్తే కొత్తదానిలా అయిపోతుందంటారు, అసలు పీకించి పారేస్తే పీడ పోతుందంటారు. ఒక్క ఆ చివరిది పక్కన పెడితే, ప్రతి సలహా ఎవరో ఒకరి బండికి పనిచేసిందే. మన బండికి ఏది పనిచేస్తుందో తేలాలంటే మాత్రం ముందు ఆ డబ్బా లోపల ఏం జరుగుతోందో తెలియాలి.

మసి వేరు, బూడిద వేరు

డీపీఎఫ్ అంటే సైలెన్సర్ దారిలో బిగించిన పింగాణీ జల్లెడ. చాలా కార్లలో ఇంజన్‌కు బాగా దగ్గరగానే ఉంటుంది. లోపల తేనెపట్టులాగా వేల సన్న గొట్టాలు. ఒకదానికి ముందు నోరు మూసి ఉంటే, దాని పక్కదానికి వెనక నోరు మూసి ఉంటుంది. కాబట్టి పొగ గోడలోని సన్న రంధ్రాల్లోంచి దూరి పక్క గొట్టంలోకి పోక తప్పదు. అలా దూరేటప్పుడు మసి గోడకు అంటుకుపోతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 కాలుష్య నిబంధనల్లో డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల రేణువుల బరువు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5 మిల్లీగ్రాములకు దిగింది. ఈ ఫిల్టర్ లేకుండా అంత తగ్గించడం కష్టం. మారుతి కంపెనీ డీజిల్ కార్లకు స్వస్తి చెప్పింది కూడా ఆ ఏప్రిల్ నుంచే.

మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో కట్టెల పొయ్యి ఉండేది. గిన్నె అడుగున పట్టిన మసి గట్టి సెగ తగిలితే కాలిపోయేది. పొయ్యిలో మిగిలిన బూడిద మాత్రం ఎంత మంట పెట్టినా కాలదు, పొద్దున్నే ఎత్తిపోయాల్సిందే. డీపీఎఫ్‌లో జరిగేది కూడా ఇదే. డీజిల్ సరిగా కాలక వచ్చేది మసి. బండి తనంతట తానే దాన్ని కాల్చేసుకోగలదు, ఆ పనినే రీజనరేషన్ అంటారు. ఇంజన్ ఆయిల్‌లో కలిపే కాల్షియం, జింకు లాంటి పదార్థాల నుంచి వచ్చేది బూడిద. అది వేలు, లక్ష కిలోమీటర్ల మీద కొంచెం కొంచెంగా పేరుకుంటుంది, కాలదు.

ఫిల్టర్‌లో మసి నిండితే కాల్చే మార్గాలు చూసుకోవాలి. బూడిద నిండితే విప్పి తీయించే మార్గం చూసుకోవాలి. రెండూ నిండకుండానే లైటు వెలిగితే కొలిచే సెన్సార్‌నో, దాని గొట్టాలనో, వైర్లనో చూసుకోవాలి. ఏ షాపుకు వెళ్లినా నేను మొదట అడిగేది ఈ మూడింట్లో ఏది అని. జవాబు రాకపోతే అక్కడ పని చేయించను.

50, 60 వేల కిలోమీటర్ల బండికి బూడిద నిండిందంటే అంత తేలిగ్గా నమ్మవద్దు. ఇంజన్ ఆయిల్ తాగేస్తుంటేనో, డీపీఎఫ్ బండికి పనికిరాని పాత రకం ఆయిల్ పోస్తూ వచ్చి ఉంటేనో తప్ప అంత తొందరగా నిండదు. ఆయిల్ డబ్బా మీద బండి మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఉందో లేదో చూడండి. ఈ బండ్లలో చాలావాటికి బూడిద తక్కువ వచ్చే ఏసీఈఏ (యూరప్ ప్రమాణం) సీ2, సీ3 లాంటి ఆయిల్ చెబుతారు. బయట ఆయిల్ మార్పించేటప్పుడు ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

డబ్బు కట్టే ముందు చూడాల్సిన అంకెలు

పాత బండ్ల కాలంలో ఆటోనగర్ మేస్త్రీలు పొగ రంగు చూసి రోగం చెప్పేవారు. నల్ల పొగ వస్తే ఇంజెక్టర్లో, గాలి చాలకపోవడమో. ఇప్పుడు ఆ నల్ల పొగను ఫిల్టర్ పట్టేసుకుంటుంది. ఇంజెక్టర్ కారుతున్నా, టర్బో గొట్టం చిరిగినా, పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు ఇరుక్కున్నా బయటికి ఏమీ కనిపించదు, మసి మాత్రం లోపల నిండుతూ పోతుంది. మనకు కనిపించేది డీపీఎఫ్ లైటు ఒక్కటే, అందుకని నింద దాని మీద పడుతుంది.

స్కానర్ పెట్టినప్పుడు, లోపాన్ని బట్టి బండి కంప్యూటర్ వేసే కోడ్ నంబరుతో ఆపేయకుండా అంకెలు చూపించమని అడగండి. అడిగితే తప్పేమీ లేదు, బండి మనది. పి2463 అంటే మసి ఎక్కువైందని. పి242ఎఫ్ అంటే బూడిద నిండిందని. పి2452, పి2453 వస్తే ప్రెషర్ సెన్సార్ సంగతి. పి2002 అంటే ఫిల్టర్ తన పని తాను చేయడం లేదని కంప్యూటర్ అనుమానం. అంతవరకే, అది తీర్పు కాదు.

తర్వాత ప్రెషర్. ఫిల్టర్‌కు ముందూ వెనకా ఉన్న ఒత్తిడిలో తేడాను ఒక సెన్సార్ కొలుస్తుంది. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే అది సున్నా దగ్గర ఉండాలి. ఇంజన్ ఆగి ఉండగానే ఒత్తిడి చూపిస్తోందంటే ఆ సెన్సార్ చెప్పేది అబద్ధం. ఐడిల్‌లో కొద్దిగా ఉంటుంది, 2,500 నుంచి 3,000 ఆర్‌పీఎం దగ్గర పెరుగుతుంది. ఎంత పెరగొచ్చన్నది బండిని బట్టి మారుతుంది, ఆ లెక్క బండి సర్వీస్ సమాచారంలో ఉంటుంది. ఒక స్కానర్ కిలోపాస్కల్‌లో, ఇంకొకటి మిల్లీబార్‌లో చూపిస్తుంది. ఒక కిలోపాస్కల్ అంటే 10 మిల్లీబార్లు. ఇది తెలియక 5 చూసి బాగుందని, 50 చూసి పోయిందని కంగారు పడినవాళ్లను చూశాను. రెండూ ఒకటే.

మసి ఎన్ని గ్రాములు లేదా ఎంత శాతం ఉంది, చివరి రీజనరేషన్ అయ్యాక ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, కూలెంట్ వేడి ఎంత, ఈ మూడూ కూడా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రెండు రీజనరేషన్ల మధ్య మామూలుగా కొన్ని వందల కిలోమీటర్లు ఉంటుంది. ప్రతి వంద కిలోమీటర్లకే కాల్చుకుంటోందంటే మసి ఎక్కడి నుంచో అతిగా వస్తోందని అర్థం. అలాంటప్పుడు ఫిల్టర్ మీద ఖర్చు పెట్టి లాభం లేదు.

ఇక నా బండి సంగతి. కొటేషన్ పట్టుకుని ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన మనిషి, నేను బాబాయ్ అనే పిలుస్తాను. స్కానర్ తీయడం కాదు, ముందు సైలెన్సర్ చివర దగ్గర గొంతుక్కూర్చున్నాడు. తెల్ల గుడ్డ వేలికి చుట్టి పైపు లోపల తిప్పి తీసి నా మొహం ముందు పెట్టాడు. కాస్త తుప్పు, దుమ్ము, అంతే. నలుపు లేదు.

"చూశావా? లోపల జల్లెడ పగిలి ఉంటే ఈ గుడ్డ కాటుకలాగా అయ్యేది. ఫిల్టర్ బాగానే పట్టుకుంటోంది. మరి పట్టుకోవట్లేదని స్కానర్ ఎందుకు చెబుతోంది?"

"కొలతలో తేడానా బాబాయ్?"

"అదే వెతకాలి."

అద్దం ముక్క, టార్చి లైటు పెట్టి వెతికితే సెన్సార్‌కు వెళ్లే రెండు గొట్టాల్లో ఫిల్టర్ ముందు వైపు నుంచి వచ్చేది క్లిప్పు పక్కన చీలి ఉంది. వేళ్లతో వంచితేనే ఆ చీలిక నోరు తెరిచింది. దాని అంచున మాత్రం సన్నటి నల్ల చార. ఒత్తిడి అక్కడ కారిపోతుంటే సెన్సార్‌కు తక్కువ అంకె వెళుతోంది. అంత తక్కువ ఒత్తిడి చూసి, జల్లెడ పగిలి పొగ నేరుగా పోతోందని కంప్యూటర్ అనుకుంది, పి2002 వేసింది. వేడికి తట్టుకునే గొట్టం, రెండు క్లిప్పులు, కోడ్ చెరపడం, కూలీ అన్నీ కలిపి 1,450 రూపాయలు అయింది. ఆ తర్వాత 19 వేల కిలోమీటర్లు తిరిగాను, లైటు మళ్లీ రాలేదు.

సర్వీస్ సెంటర్ వాళ్లు కావాలని మోసం చేశారని నేను అనను. కోడ్ ఏం చెబితే ఆ పార్టు మార్చే అలవాటు అది. ఆ అలవాటుకు డబ్బు కట్టేది మాత్రం మనం.

హైవే మీద కాల్చడం

ఖర్చు తక్కువ, అందుకే మొదట చూడదగ్గది. కానీ ఒక షరతు ఉంది. డీపీఎఫ్ లైటు ఒక్కటే నిలకడగా వెలుగుతూ, ఇంజన్ లైటు లేకుండా, పికప్ మామూలుగా ఉన్నప్పుడే ఈ దారి. ఇంజన్ లైటు కూడా వచ్చినా, లైటు మిణుకుమిణుకుమంటున్నా, పికప్ పడిపోయినా హైవేకు కాదు, స్కానర్ దగ్గరికి వెళ్లాలి.

బయలుదేరే ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి. రీజనరేషన్ అప్పుడు పొగ వేడెక్కడానికి సిలిండర్లలోకి కాస్త డీజిల్ అదనంగా కొడుతుంది. మధ్యలో బండి ఆపేస్తే కాలని డీజిల్ గోడల వెంట దిగి ఆయిల్‌లో కలుస్తుంది. మళ్లీ మళ్లీ అలా జరిగితే ఆయిల్ మట్టం పై గీత దాటుతుంది, పలచబడుతుంది. ఆయిల్ పెరిగిందని సంతోషించకండి, అది ప్రమాదం. పై గీత దాటి ఉంటే ఆయిల్ మార్చకుండా తొక్కవద్దు. ట్యాంకులో డీజిల్ కూడా పావు కంటే ఎక్కువ ఉంచండి, తక్కువ ఉంటే చాలా బండ్లు రీజనరేషన్ మొదలుపెట్టవు.

విజయవాడలో ఉన్నవాళ్లకు బందరు రోడ్డులో కంకిపాడు దాటాక, గన్నవరం వైపు ఎయిర్‌పోర్టు దాటాక, హైదరాబాద్ రోడ్డులో ఇబ్రహీంపట్నం దాటాక బాగుంటుంది. గుంటూరు వాళ్లు చిలకలూరిపేట వైపు ఎక్కితే సరి. రామవరప్పాడు రింగు దగ్గర సిగ్నళ్లలో అయ్యే పని కాదిది. వేగం కన్నా నిలకడ ముఖ్యం. ఒక గేరు తగ్గించి 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం దగ్గర, గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల మధ్య, కనీసం 20, 25 నిమిషాలు ఆగకుండా పోవాలి. ఫిల్టర్ లోపల వేడి 600 డిగ్రీల దరిదాపుల్లోకి చేరితే మసి కాలుతుంది. మైలేజీ అంకె ఒక్కసారిగా పడిపోవడం, ఆగితే ఐడిల్ కొంచెం ఎక్కువగా ఉండటం, వేడి లోహం వాసన, ఇంజన్ ఆపినా ఫ్యాను గట్టిగా తిరగడం, ఇవి కాలుతున్న గుర్తులు. ఈ గుర్తులు కనిపిస్తే ఇల్లు వచ్చిందని ఆపేయకుండా ఇంకో పది నిమిషాలు తిప్పిరండి. లైటు రాకుండా కాపాడే అలవాట్లలో దీన్ని మించింది నాకు తెలియదు.

మా ప్రాంతంలో మరీ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. కోతల రోజుల్లో రోడ్డు పక్కన వరిగడ్డి పరిచి ఉంటుంది, మిర్చి కల్లాల పక్కన ఎండు చెత్త ఉంటుంది. కాలుతున్న ఫిల్టర్‌తో వాటి మీద బండి ఆపవద్దు. నిప్పు అంటుకుంటుంది.

రెండుసార్లు ఇలా తిప్పినా లైటు పోలేదంటే మూడోసారి డీజిల్ వృథా చేయకండి. ఎందుకు కాలడం లేదో వెతకాలి. మా బావది గుంటూరు, మిర్చి యార్డులో పని. ఏసీ వేసుకుని బండి ఐడిల్‌లో పెట్టి గంటలు గంటలు ఫోన్లు మాట్లాడటం అలవాటు. లైటు వచ్చింది. చిలకలూరిపేట దాకా రెండుసార్లు వెళ్లొచ్చాడు, పోలేదు. వర్క్‌షాపులో బలవంతంగా కాల్పించాడు, పోయింది, 20 రోజులకు మళ్లీ వచ్చింది. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. "ఒకసారి పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని హైవే మీద తిప్పు బావా, కూలెంట్ వేడి ఎంత ఉందో చూసి చెప్పమను" అన్నాను. 64 డిగ్రీలు దాటలేదు. కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్, తెరుచుకునే ఇరుక్కుపోయింది. గుంటూరు ఎండలో ఇంజన్ చల్లగా ఉందంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. యార్డులో నిలబడి ఉన్నప్పుడు వేడెక్కేది, హైవే ఎక్కగానే గాలికి చల్లబడేది. ఇంజన్ వేడెక్కందే రీజనరేషన్ మొదలవ్వదు. థర్మోస్టాట్ మార్చాక తనంతట తానే కాల్చుకుంది.

వర్క్‌షాపులో బలవంతంగా కాల్చడం

మసి ఎక్కువై హైవేతో పోని దశలో ఇది సరైన మార్గం. బండిని నిలబెట్టి, స్కానర్‌తో ఆజ్ఞ ఇస్తే ఇంజన్ తనే ఆర్‌పీఎం పెంచుకుని అరగంట అటూ ఇటుగా కాలుస్తుంది. గచ్చు మీద, గాలి ఆడే చోట, అడుగున నూనె గుడ్డలూ అట్టలూ లేకుండా చూసుకోవాలి. చేసే ముందు మసి ఎంత, చేశాక ఎంత అని రెండు ఫొటోలు అడగండి. తర్వాత ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పించండి. ఇది అదనపు ఖర్చు అనిపించినా, పలచబడిన ఆయిల్‌తో టర్బో పాడైతే పెట్టే ఖర్చుతో పోలిస్తే ఏమీ కాదు.

మసి మరీ నిండితే స్కానర్ ఆజ్ఞను బండి ఒప్పుకోదు. అది మంచికే. అంత మసి ఒక్కసారి అంటుకుంటే వేడి అదుపు తప్పి పింగాణీ కరుగుతుంది, పగులుతుంది. అలా ఒప్పుకోనప్పుడు ఎవరైనా మసి అంకెను స్కానర్‌లో సున్నా చేసి, అప్పుడు కాల్చేస్తామంటే బండి తెచ్చేసుకోండి. ఖాళీగా ఉందని అబద్ధం చెప్పి నిండు ఫిల్టర్‌కు నిప్పు పెట్టడం అది.

సీసాలు, స్ప్రేలు

ట్యాంకులో పోసే సీసా మసి కాస్త తక్కువ వేడికే కాలేలా చేస్తుంది. హైవే ప్రయాణానికి తోడుగా ఒకసారి వాడొచ్చు. దానికది చికిత్స కాదు, బూడిదకు అస్సలు పనిచేయదు.

సెన్సార్ విప్పి ఆ రంధ్రంలోంచి నురగ లేదా ద్రవం కొట్టే పద్ధతి కాస్త నయం. మసి గట్టిగా పేరుకుని బండి రీజనరేషన్‌కు ఒప్పుకోనప్పుడు అది మసిని వదులు చేస్తుంది, తర్వాత కాల్చడం వీలవుతుంది. ఒకపూటలో అయిపోతుంది, ఫిల్టర్ విప్పక్కర్లేదు. బూడిదను మాత్రం ఇది తీయలేదు. గొట్టాలు వెనక మూసి ఉంటాయి కదా, బూడిద ఆ చివరన గట్టిపడి కూర్చుంటుంది. ముందు నుంచి ఎంత కొట్టినా అక్కడే ఉంటుంది.

విప్పి కడిగించడం

లక్ష, లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండి, రీజనరేషన్ బాగానే అవుతోంది, కాలిన వెంటనే కూడా ప్రెషర్ దిగడం లేదు. ఇలా ఉంటే అది బూడిద. నా లెక్కలో అక్కడ కొత్త ఫిల్టర్ కన్నా ముందు చూడాల్సింది ఇదే. సరిగా చేసేవాళ్లు ముందు తూకం వేస్తారు, వెనక వైపు నుంచి గాలి కొడతారు, తర్వాత నీళ్లతోనో ద్రవంతోనో కడుగుతారు, ఓవెన్‌లో పూర్తిగా ఆరబెడతారు, మళ్లీ తూకం వేస్తారు. ఆ రెండు తూకాలే మన రసీదు. తూకం వేసే పద్ధతి లేని చోట ఎంత పోయిందో వాళ్లకే తెలియదు.

యాసిడ్ పోసి కడుగుతామన్నా, వాటర్ సర్వీసింగ్ పంపు దగ్గరగా పెట్టి కొడతామన్నా, డబ్బా కోసి మళ్లీ వెల్డింగ్ చేస్తామన్నా ఇవ్వవద్దు. పింగాణీ మీద ప్లాటినం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది, యాసిడ్ దాన్ని తినేస్తుంది. సుత్తితో రెండు దెబ్బలు తగిలినా లోపల పగలొచ్చు. తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్లు కొత్తవి వేయించండి, బూడిద లెక్కను స్కానర్‌లో సరిచేయించండి. ఒకటి రెండు రోజులు బండి ఉండదు, అది ముందే అనుకోవాలి.

కొత్తది ఎప్పుడు

జల్లెడ కరిగినా, పగిలినా ఇంకో దారి లేదు. తెల్ల గుడ్డ నల్లగా వస్తే, గొట్టాలు, సెన్సార్ బాగున్నాయని తేలాకే ఆ మాట అనుకోండి. ముందుగా వారంటీ కాగితం తీయండి, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే అది కూడా. కంపెనీదా, బయట రకమా అన్న ప్రశ్నకు నేను కంపెనీదే అంటాను. చవక రకాల్లో పూత పలచగా ఉంటే తక్కువ వేడికి మసి కాలదు, రీజనరేషన్లు పెరుగుతాయి, ఆయిల్ పాడవుతుంది. ఇంకో మాట, మొదటిది ఎందుకు పోయిందో కనిపెట్టకుండా రెండోది వేయించవద్దు. కారే ఇంజెక్టర్ అలాగే ఉంటే కొత్త ఫిల్టర్ కూడా అదే దారిన పోతుంది.

పీకించేస్తే?

లోపలి జల్లెడ తీసేసి, సాఫ్ట్‌వేర్ మార్చి లైటు రాకుండా చేస్తామని చెప్పేవాళ్లు ఉన్నారు. చవకే, బండి ఇంకా హుషారుగా పరిగెడుతుందని కూడా అంటారు. వద్దని గట్టిగా చెబుతున్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను ఒప్పుకోదు. 182ఎ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. వారంటీ పోతుంది, అమ్మేటప్పుడు తెల్ల గుడ్డ తెలిసినవాడు వస్తే ధర పోతుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, ఆ మసి ఎక్కడికి పోతుంది? బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర స్కూటీ మీద మన వెనకే ఆగిన తల్లి, ముందు నిలబడ్డ పిల్లాడు పీల్చుకుంటారు. మా నాన్నకు ఆయాసం. ఆ గాలి విలువ నాకు తెలుసు.

షోరూమా, ఆటోనగరా

వారంటీలో ఉన్న బండి షోరూమ్‌కే వెళ్లాలి, ఇంకో ఆలోచన వద్దు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, కంపెనీ స్కానర్ అక్కడే ఉంటాయి, చేసిన ప్రతి పనికీ కాగితం ఉంటుంది. వారంటీ దాటాక నేను ఆటోనగర్ వైపు మొగ్గుతాను, అదీ అన్ని షాపులకూ కాదు. అక్కడ చేతి పనితనానికి కొదవ లేదు, లారీ ఇంజన్లు విప్పి బిగించి తలపండిన మనుషులు. కానీ బీఎస్6 బండికి చేతితో పాటు ఆ బ్రాండుకు సరిపోయే స్కానర్ కావాలి. "మా బండిలో మసి ఎన్ని గ్రాములుందో చూపిస్తారా?" అని ఫోన్‌లోనే అడగండి. చూపిస్తామంటే వెళ్లండి. ముందు కోడ్ చెరిపేసి చూద్దాం అనేవాళ్లు సాక్ష్యం తుడిచేస్తారు, అందుకని ఏ పనికన్నా ముందు కోడ్లు ఫొటో తీసుకోవాలి.

వారంటీ లేని బండికి, పెద్ద కొటేషన్ వచ్చినప్పుడు, రెండు చోట్లా చూపించడమే నా పద్ధతి. రెండోచోట స్కానింగ్‌కు కట్టే డబ్బు లక్ష రూపాయల నిర్ణయం ముందు పెద్దది కాదు. ఆన్‌లైన్‌లో దొరికే బండి కంప్యూటర్‌ను ఫోన్‌లో చదివే చిన్న బ్లూటూత్ ఓబీడీ పరికరం కూడా ఒకటి కొనుక్కోండి. కూలెంట్ వేడి, కోడ్లు కనిపిస్తాయి, బావ బండిలో థర్మోస్టాట్ దొరికింది దానితోనే. మసి గ్రాములు చూడాలంటే ఆ బ్రాండుకు సరిపోయే యాప్ ఉండాలి, అన్ని బండ్లకూ దొరకదు.

యాడ్‌బ్లూ లైటు వస్తే డీపీఎఫ్ అనుకుని కంగారు పడకండి, అది పొగలోని విష వాయువులను తగ్గించే ద్రవం, వేరే వ్యవస్థ, వేరే ట్యాంకు.

ఇప్పుడు బావ బండి మార్చే ఆలోచనలో ఉన్నాడు. రోజుకు ఎంత తిరుగుతావని అడిగితే యార్డుకీ ఇంటికీ కలిపి ఏడు కిలోమీటర్లు అన్నాడు. ఈసారి పెట్రోలు తీసుకోమన్నాను. అతని పాత డీజిల్‌ను మాచర్ల నుంచి వారానికి మూడుసార్లు గుంటూరు వచ్చే బంధువొకాయన అడుగుతున్నాడు. ఆ వాడకానికి అది చక్కటి బండి. చూడటానికి వచ్చేటప్పుడు తెల్ల గుడ్డ తెచ్చుకోమని, డిప్‌స్టిక్ తీసి చూసుకోమని ఆయనకు నేనే చెప్పాను. డ్యాష్‌బోర్డు అరలో చిన్న నోట్‌బుక్ కూడా ఉంది. రీజనరేషన్ అయిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు బావ అందులో రాస్తున్నాడు. చివరి ఐదు వరసల్లో ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 300 కిలోమీటర్లకు తగ్గింది ఒక్కటీ లేదు. బండితో పాటు ఆ నోట్‌బుక్ కూడా ఇస్తున్నాడు.